కొబ్బరికాయలతో తూగిన పిల్ల

మొన్న ఆదివారం ఒకమ్మాయి అవతలి ఒడ్డున ఉన్న డెలానీపూర్ నుంచి వచ్చి, ఫెర్రీ దిగి తిన్నగా మా పెరట్లోకి నడిచి, "దీదీ, నా చెట్టు కాయ ఒకటి దింపించవా?" అంది. పదిహేనేళ్ల పిల్ల, బుగ్గలు నిండుగా ఉంటాయి. ఎవరొచ్చినా తలుపు చాటుకి పోయే అలవాటు నాది. ఈ పిల్ల దగ్గర మాత్రం ఆ అలవాటు మరిచిపోతాను. కాయ కొట్టించుకుని, నీళ్లు తాగి, మూతి తుడుచుకుని వెళ్లిపోయింది. రాత్రి డైరీలో ఆ రోజు సంగతి రాద్దామని కూర్చుంటే కలం ఎక్కడో పాత రోజుల్లోకి పోయింది.

నాకప్పుడు ఏడెనిమిదేళ్లు. దేశం రెండు ముక్కలైనప్పటి అల్లర్లలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న బెంగాలీ వాళ్లని ఓడల్లో మా దీవులకి తెచ్చారు. అడవి కొట్టి పొలాలు పంచేదాకా కొన్ని కుటుంబాల్ని బాంబూఫ్లాట్‌లో మా వీధి చివర రేకుల షెడ్లలో ఉంచారు. మా వాళ్లూ ఒకప్పుడు శ్రీకాకుళం వైపు నుంచి వలలు మూటగట్టుకుని వచ్చినవాళ్లే కాబట్టి, కొత్తవాళ్లని వింతగా చూసే హక్కు మాకు లేదని అయ్య అనేవాడు. అయినా చూసేవాళ్లం. చాతం నుంచి ఫెర్రీలో ఒక నర్సు దీదీ వచ్చి, పెద్ద డేగిసాలో పాలపొడి కలిపి పిల్లలందరికీ గ్లాసుడేసి పోసేది. ఆ పాల వాసనతో పాటు చాతం మిల్లు నుంచి తడి రంపపు పొట్టు వాసన వచ్చేది. ఇప్పటికీ కోసిన కలప వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది.

మరీ చిక్కిపోయిన చంటిబిడ్డలుంటే ఇంటికే పాల డబ్బా ఇస్తారు. కానీ బిడ్డని తూచి బరువు రాయందే డబ్బా ఇవ్వడానికి నర్సు దీదీకి అధికారం లేదు. ఆవిడ తూనిక యంత్రం ఇంకా ఏ ఓడలోనో ఉంది. అందుకని మా అయ్య చేపల తక్కెడ అడిగింది. అమ్మ దాన్ని చింతపండూ బూడిదా వేసి తోమింది. అయినా నీచు వాసన పోలేదు.

షెడ్లలో ఒక బెంగాలీ తల్లి ఉండేది. వచ్చే దారిలో పెద్దకొడుకు జ్వరంతో పోయాడు. మిగిలింది చంకలోని ఆడపిల్ల ఒక్కతే. తక్కెడనీ ఇనుపరాళ్లనీ చూడగానే ఆవిడ బిడ్డని కొంగులో దాచేసుకుంది. అమ్మకానికి పెట్టినవాటినే రాళ్లతో తూస్తారంటోందని నర్సు దీదీ మాకు తెలుగులో చెప్పింది. మా నాయనమ్మ వెంటనే ఆవిడ పక్షం చేరింది. "సరిగ్గా సెప్పింది. బిడ్డేటి, వంజరం చేపేటి? నా మనవడినీ తూయనివ్వను" అంది. తమ్ముడు అప్పటికి నడక కూడా రాని వాడు. నర్సు దీదీ నెత్తి పట్టుకుంది. "మాజీ, అమ్మా, ఆ పిల్లని చూడండి, పాలు లేకపోతే దక్కదు" అంది.

నాయనమ్మ ఆ తల్లి కొంగు కాస్త తీసి చూసింది. పిల్ల కళ్లు తెరిచే ఉంది. ఈగ వాలినా ఏడవలేదు. "ఏడిసే పిల్లకి బయం లేదు. ఇది ఏడవట్లేదే..." అని గొణిగి, ఇంట్లోకెళ్లి, పీచు తీయని కొబ్బరికాయలు ఒడినిండా తెచ్చింది. రాళ్లు తీసేయించి, ఒక పళ్లెంలో తమ్ముణ్ని కూర్చోబెట్టి, రెండోదాంట్లో కాయలు పేర్చింది. "ఇది తూకం కాదు, మొక్కు. గంగమ్మ తల్లికి" అంది. మా నాయనమ్మకి సముద్రమంటే గంగమ్మే. బెంగాలీ తల్లికి మిగతా తెలుగు ఏం తెలిసిందో గాని, గంగ అన్న మాట వినగానే చేతులు నుదుటికి ఆనించింది. తమ్ముడు పళ్లెంలో కేరింతలు కొడుతున్నాడు. ఆవిడ కాసేపు వాణ్ని చూసి, కొంగు విప్పి, తన పిల్లని నాయనమ్మ చేతికిచ్చింది.

మూడో కాయ పెట్టగానే పిల్ల పళ్లెం పైకి లేచింది. చిన్నకాయ వెతికి మార్చి పెడితే గాని సమానం కాలేదు. బిడ్డని తల్లికిచ్చేశాక నర్సు దీదీ గొంతు సవరించుకుని, "మాజీ, కాయల్ని రాళ్లతో తూస్తే గంగమ్మకి కోపం రాదు కదా?" అంది. నాయనమ్మ ఆలోచించి, "కాయలకి దిష్టేటి, తూసుకో" అంది. ఆ పూటే డబ్బా వచ్చింది. నీళ్లు మరగకాచి కలపమని నర్సు, పాలు పట్టాక దిష్టి తీయమని నాయనమ్మ. పాపం, ఆ తల్లి రెండూ చేసింది.

తర్వాత ప్రతిసారీ అవే కాయలు. కొన్నాళ్లకి మూడు కాయలకీ పిల్ల పళ్లెం నేలకంటింది. నాలుగోది పెడుతుంటే పళ్లెం ఊగిందేమో, గట్టిగా ఏడ్చింది. నాయనమ్మ "ఏడువమ్మా, ఏడువు, ఇంకా ఏడువు!" అని చప్పట్లు కొడుతుంటే నర్సు దీదీ నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయింది. మొక్కిన కాయని కూరలో వేయకూడదని ఆ చిన్నకాయని నాయనమ్మ పెరట్లో పాతింది. తల్లి చెంబుతో నీళ్లు పోసింది. అప్పట్నుంచి అది ఆ పిల్ల చెట్టే. యంత్రం తర్వాతెప్పుడో ఓడ దిగింది. అప్పటికి షెడ్లలో దాని అవసరం ఎవరికీ కనిపించలేదు.

ఇప్పుడు నాయనమ్మ లేదు. ఎప్పుడు ఏం జరిగిందో చూసుకోవడానికి నాకు డైరీలున్నాయి, కానీ ఎంత కాలం గడిచిందో వాటిని చూస్తే తెలియదు. అప్పుడు మోకాళ్ల మీద వంగి చూసిన మొలకని ఇప్పుడు చూడాలంటే, మెడ పట్టేసేంతగా తలెత్తాలి.