వాడిన రాకెట్టు, కడిగిన గ్లాసు

జగిత్యాలలో తెలంగాణ దీక్షా శిబిరం నడుస్తున్న రోజులవి. సాయంత్రం ఎవరో ఒకరు మైకు పట్టుకోవాలి. ఆ రోజు నా వంతు. పైకి లేచి, మళ్లీ కిందికొచ్చి తన కాళ్ల మీదే నిలబడే రాకెట్టును అమెరికాలో పరీక్షిస్తున్నారని పేపర్లో చదివిన దగ్గర్నుంచి నాకు నిలకడ లేదు. అదే అందుకున్నాను.

"కోరుట్ల నుంచి పట్నం పోయిన బస్సును ఆడనే చెరువుల తోసి, తెల్లారి కొత్త బస్సు కొంటే టికెట్ ఎంతైతది? రాకెట్లను ఇన్నేండ్లు గట్లనే పారేసిన్రు. ఖర్చంతా పారేసే మిషన్‌దే, నూనెది కాదు. వాడినదే మల్ల వాడితే ఆకాశం అగ్గువైతది!"

ముందు వరుసలోని పెద్దరైతు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

బంద్ వల్ల సరుకు రాక ఆ పూట ప్లాస్టిక్ గ్లాసులు అయిపోయాయి. శిబిరానికి చాయ్ పోసే పక్క హోటలాయన పాత స్టీలు గ్లాసులు దించాడు. మొదటి చాయ్ మల్యాల దళితవాడ నుంచి వచ్చే హమాలీకి అందింది. ఇక్కడ అందరం ఒక్కటేనని మాటిచ్చి అతన్ని శిబిరానికి పిలిచింది నేనే.

ఊరి హోటళ్లలో దళితులకు పెట్టే వేరే గ్లాసు పోయి ప్లాస్టిక్ గ్లాసు వస్తే అంటరానితనం పోయిందని మురిసిపోయాం. తాగి పారేసే గ్లాసు రెండో నోటిదాకా రాదు. మరి పోయిందేమిటి?

హమాలీ తాగిన గ్లాసు కడిగి, నింపి, హోటలాయన పెద్దరైతు ముందు పెట్టాడు.

"నాకొద్దు. షుగరున్నది."

"పటేలా, ఇప్పుడే చప్పట్లు కొడితిరి గదా!" అన్నాను.

"అది రాకెట్ ముచ్చట సారూ. గిది నోటి ముచ్చట."

"ఊకోండ్రి సారూ," అన్నాడు హమాలీ. "పటేలుకు షుగరు గిప్పుడే అచ్చింది."

కొందరు నవ్వారు. ఆ చాయ్ నేనే తాగాను. హోటలాయన గ్లాసు మళ్లీ కడిగి బల్ల చివర ఒంటరిగా బోర్లించాడు. నేను దాన్ని మిగతా గ్లాసుల మధ్యకు జరిపాను. బల్ల తుడుస్తున్నట్టు ఆయన మళ్లీ చివరకు నెట్టాడు. నేను మళ్లీ జరిపాను.

"దిగుడైతే దిగింది గని నిలబడతలేదు సారూ," అంటూ హమాలీ లేచాడు. మధ్యలోంచి ఇంకో గ్లాసు తీసి హోటలాయన ముందు పట్టాడు.

"ఇంకో చాయ్ పొయ్యన్నా. ముందుగాల గీ గ్లాసుల పొయ్యి. తర్వాత గా పక్క గ్లాసుల. గట్లనే అన్నిట్ల తాగుత."

హోటలాయన కెటిల్ పట్టుకుని పెద్దరైతు వైపు చూస్తూ నిలబడ్డాడు. హమాలీ చెయ్యి మాత్రం దించలేదు.