గాడిలో ఉలవలు

2022 జనవరి. ఆలూరుకు పడమరగా, మెట్టచేల మధ్య ఉన్న ఒక రైల్వే గేటులో నాకు పగటి డ్యూటీ. పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్‌గా పనిచేసిన నా భర్త పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. చిన్నప్పుడు నేను బడికి పోలేదు. మా అమ్మ ఇంట్లోనే బైబిలు వాక్యం చదివిస్తూ అక్షరాలు నేర్పింది, పదో తరగతి ప్రైవేటుగా రాశాను. ఆ అక్షరాలే ఈ రోజుకీ అన్నం పెడుతున్నాయి. దేవునికి స్తోత్రం.

రైలు ప్రమాదాలు ఎందుకు జరుగుతాయని నన్ను చాలామంది అడుగుతారు. పట్టా విరగడం, సిగ్నల్ దాటిపోవడం వాళ్ళకూ తెలుసు. నేను మాత్రం ఉలవల సంగతి చెబుతాను.

రోడ్డు పట్టాలను దాటేచోట, పట్టా పక్కనే లోపలివైపు ఇంకో ఇనుప కడ్డీ ఉంటుంది. అది చెక్ రైల్. ఆ రెంటి మధ్య సన్నని గాడి. రైలు చక్రానికి లోపలివైపు ఉండే అంచును ఫ్లాంజ్ అంటారు, అది ఆ గాడిలోనే పోవాలి. గాడి గట్టిగా పూడిపోతే చక్రం పైకి లేచి పట్టా తప్పవచ్చు. అందుకే డ్యూటీ ఎక్కగానే నేను ముందు చూసేది గాడినే.

మా వైపు కోతలయ్యాక ఉలవకట్టె తారురోడ్డు మీద పరుస్తారు. బండ్లు తొక్కితే గింజ రాలుతుంది. ఆ జనవరిలో ఒక రోజు ఈరమ్మ అనే రైతు గేటుకు ఎడంగానే పరిచింది. కానీ టైర్లు గింజల్ని లాక్కొచ్చాయి, కంకర లారీలు రాళ్ళు రాల్చాయి, రాత్రి వాన పడింది. మర్నాడు పొద్దున నేను గడ్డపార దించబోతే గాడిలో దిగలేదు. నానిన ఉలవలు, రాళ్ళు, బురద కలిసి గచ్చులా బిగుసుకుపోయాయి.

అంతలో ఫోన్ మోగింది. ప్యాసింజర్ వస్తోంది, గేటు వేయమన్నారు స్టేషన్ మాస్టర్. గేటు వేస్తాను గానీ సిగ్నల్ ఇవ్వలేను, గాడి పూడింది అన్నాను. గేటుకు ముందుండే సిగ్నల్ మీట నా చేతిలోనే ఉంటుంది.

“బండి బయలుదేరిందమ్మా. ఆగితే ఎందుకాగిందని రాసివ్వాల్సింది నువ్వే.”

“రాసిస్తాను సార్. సిగ్నల్ మాత్రం ఎరుపులోనే ఉంటుంది.”

గేటు దించాను. ఈ గేటు సిగ్నల్ ఎర్రగా ఉన్నా, దాని దగ్గర ఆగిన డ్రైవరు కాసేపు చూసి, మెల్లగా గేటు దాకా రావచ్చని రూలు. అందుకని రైలు వచ్చే వైపు పట్టాలకు అడ్డంగా ఎర్రజెండా కూడా కట్టి, వచ్చి తవ్వడం మొదలుపెట్టాను. గేటు బయట బైకు మీదున్న తిమ్మప్ప నవ్వాడు.

“ఏమక్కా, అంత పెద్ద రైలు ఉలవలకు పడతాదా?”

“నీ బైకు చిన్న గులకరాయికి పడలేదా తిమ్మప్పా, పోయిన వారం?”

పక్కనున్నవాళ్ళు నవ్వారు. అతను బండి స్టాండు వేసి, ఇంకో గడ్డపార యాడుందని అడిగాడు.

తన ఉలవలు చూసుకోవడానికొచ్చిన ఈరమ్మకు సంగతి తెలిసింది. కేసు పెడతారని ఆమె భయం.

“నా పేరు చెప్పొద్దక్కా. శానా కష్టపడి పండించుకున్నా.”

“పేరు సంగతి తర్వాత. ముందు నువ్వు ఆ పక్క పట్టు.”

దూరంగా కూత వినిపించింది. రైలు సిగ్నల్ దగ్గర ఆగింది. పెరికిన ముద్దల్ని ఈరమ్మ చేతులతో తీసి పారేస్తూంటే ఆమె గోళ్ళ సందుల్లో ఉలవలు మొలకెత్తబోతున్నట్టు ఉబ్బి కనిపించాయి. మనసులో ప్రార్థన నడుస్తోంది, చేయి ఆగలేదు. గాడి అడుగున గడ్డపార ఇనుముకు తగిలి ఖంగుమంది. రెండు పట్టాల గాడినీ ఆ చివరి నుంచి ఈ చివరికి నేనే గీసి చూశాను. అందరినీ బయటికి పంపి, జెండా తీసి, సిగ్నల్ ఇచ్చాను.

రైలు మెల్లగా దాటింది. కిటికీలోంచి ఒకాయన, ఎందుకింత లేటని విసుక్కున్నాడు. ఆ విసుగు నా చెవికి స్తోత్రంలా వినిపించింది.

తనిఖీకి వచ్చిన అధికారికి జరిగింది జరిగినట్టు చెప్పాను, ఈరమ్మ పేరుతో సహా. కలిసి తవ్విందన్న మాటా చెప్పాను. ఆయన ఆమెను గట్టిగా హెచ్చరించి వదిలేశారు. నాతో ఆమె నెల రోజులు మాట్లాడలేదు.

ప్రమాదం అనేది ఎవరి పని వాళ్ళు చేసుకుంటూండగానే కొంచెం కొంచెంగా పోగవుతుందని నాకు ఆ రోజు తెలిసింది. ఆమె పంట ఆరబెట్టుకుంది, లారీ కంకర మోసింది, వాన కురిసింది. అవన్నీ కలిసే చోట ఒక మనిషి వంగి చూడాలి. ఆ చోట నన్ను నిలబెట్టినందుకు దేవునికి కృతజ్ఞురాలిని.

మరుసటి ఏడు ఈరమ్మ ఉలవలు బాగా అవతల, మలుపు దగ్గర పరిచింది. సాయంత్రం ఇంటికి పోతూ గేటు దగ్గర ఆగింది. నన్ను పలకరించకుండానే వంగి, చీపురుపుల్లతో గాడి గీసింది.

“ఏమీ లేదులే అక్కా,” అంది. “అయినా నువ్వూ ఒకసారి చూడు.”