మూడో తాళం

"...అమ్మితే నలుగురిలో నవ్వులపాలవుతాం బావా!"

"ఉంచుకుంటే ఏడుపులపాలవుతాం. ఒరే, నీ మాట విన్నందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి."

"ఆ చెప్పుల కంపెనీ వాళ్ళనే చూసి నేర్చుకోండి. ఎంత పడినా ఉలుకూ పలుకూ లేదు."

ఆఫీసు గది తలుపు సందులోంచి వస్తున్న బావమరిది, యజమానుల ఈ మాటలు వింటూ, బయట బల్ల మీద పెద్దక్క దిండు గలీబులు మడతపెడుతోంది. పిలవందే లోపలికి వెళ్ళే అలవాటు ఆమెకు లేదు.

హోటళ్ళ దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఆమె పెళ్ళైన కొత్తలో పనికి చేరింది; అక్కడ అందరికీ పెద్దక్కే. ఇప్పుడు ఇస్త్రీ విభాగమంతా ఆమె చేతి కిందే. ఆవిరి రోలర్ దగ్గర ఆమె చెల్లెలు పనిచేస్తుంది. బాయిలర్ ముసలిదై, గొట్టాల అతుకుల్లోంచి ఆవిరి చిమ్ముతోంది. పోయిన నెల చెల్లెలి మణికట్టు మీద తోలు ఊడింది. కొత్త బాయిలర్ కోసమని కంపెనీ కొన్నేళ్ళుగా డబ్బు వెనకేసింది.

ఆ డబ్బంతా యజమాని చేత బావమరిది బిట్‌కాయిన్‌లో పెట్టించాడు. బిస్కెట్ల కంపెనీ కొన్నది, చెప్పుల కంపెనీ కొన్నది, చివరికి శవపేటికలు చేసేవాళ్ళు కూడా భవిష్యత్తు మీద నమ్మకంతో కొన్నారు. దుప్పట్లు ఉతికేవాళ్ళు మాత్రం ఏం పాపం చేశారు? కొన్న రోజున యజమాని అందరినీ నిలబెట్టి ఉపన్యాసమిచ్చాడు. బ్యాంకులో డబ్బు నిద్రపోతుందట, ఇక్కడ మేలుకుని పనిచేస్తుందట. మేలుకున్న డబ్బు అప్పటినుంచి ఆయన్ని నిద్రపోనివ్వలేదు.

దాన్ని అమ్మాలంటే మూడు డిజిటల్ తాళాల్లో ఏవైనా రెండు కలవాలి; ఒక్కొక్కటీ పెన్‌డ్రైవ్ లాంటి చిన్న పరికరం. ఒకటి యజమానిది, ఒకటి బావమరిదిది. వేలెడంత ఉన్న మూడోదాన్ని పెద్దక్కకిచ్చారు. దాని సంగతి ఆమెకు ఏమీ తెలియదు కాబట్టి ఆమెను మించిన నమ్మకస్తురాలు లేదన్నారు. ఆమె దాన్ని ఇంట్లో సూదిదారాల డబ్బాలో, బొత్తాల మధ్య పడేసింది.

ఆ తర్వాత ఆమెకు మర్యాదలు పెరిగాయి. ధర పెరిగిన రోజు బావమరిది టీ తెప్పిస్తాడు. పడిన రోజు యజమాని చెల్లెలి చేయి ఎలా ఉందని అడుగుతాడు. ఈమధ్య రోజూ అడుగుతున్నాడు.

తలుపు తెరుచుకుంది.

"అక్కా, ఇలా రా. నువ్వే చెప్పు," అన్నాడు యజమాని. "అమ్మేసి బంగారం కొందాం."

"బంగారమా! తాతల కాలం బుద్ధి," అన్నాడు బావమరిది. "అక్కా, కాస్త ఓపిక పడితే ఒకటి కాదు, నాలుగు బాయిలర్లు కొనొచ్చు."

"ఆ నాలుగింటినీ నా చెల్లెలు ఏ చేత్తో తుడవాలి బాబూ?"

బావమరిది ఫోను చూసుకున్నాడు.

"ఇవాళ అమ్మితే ఒక్క బాయిలరన్నా వస్తుందా?" అని యజమానిని అడిగింది.

"వస్తుంది. ఇంకా పడితే దాని పొగగొట్టం మాత్రమే వస్తుంది. అందుకే బంగారం అంటున్నా."

పక్క గదిలో గొట్టం బుసకొట్టింది. ఎవరో ఆడమనిషి గట్టిగా తిట్టింది.

పెద్దక్క చేతిలో మిగిలిన గలీబును మడిచి దొంతర మీద పెట్టింది.

"బాయిలర్ అమ్మేవాణ్ణి రేపు ఇక్కడికే పిలవండి. వాడికివ్వడానికే అమ్ముతామంటే, మీలో ఎవరి తాళం పక్కనైనా నా తాళం పెడతాను. ఇంక దేనికీ పెట్టను. కొత్త బాయిలర్ వచ్చేదాకా నా మనుషులెవరూ ఆ రోలర్ దగ్గర నిలబడరు."