మా గల్లీ మోరీ, 'ఇతర పనులు'

మా ఓనరమ్మ హఫీజ్‌పేట్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. పోయిన వానాకాలంలో గల్లీలో మురుగు పారే మోరీ మీద బండ లేని చోట కాలు పడి ఎముక విరిగింది. దవాఖాన నుంచి తెచ్చాక మంచం మీద నుంచే నన్ను పిలిచింది.

"నువ్వు సర్కారు లెక్కలే చూస్తవంటివి గదా బిడ్డా. మన మోరీ బండలకు పైసలొచ్చినయా లేదా, జర చూసి చెప్పు."

నిజమే. ప్రభుత్వం ఏ పనికి ఎంత ఖర్చు పెట్టిందో జనం చూసుకునే వెబ్‌సైటు తయారుచేసేది నానక్‌రామ్‌గూడలోని మా కంపెనీయే. గర్వంగా సరేనన్నాను. వెతికితే అందులో మా గల్లీ ఊసే లేదు. ఆఫీసులు పంపిన అసలు ఫైళ్లు తెరిచాను. అక్కడుంది: బండలు వేశారు, బిల్లు చెల్లించారు, పని పూర్తయింది. ఒళ్లు మండిపోయింది. అంత పచ్చి అబద్ధం మా వెబ్‌సైటులో ఎందుకు కనబడలేదు?

నా వల్లే.

ఒకే పనిని ఒక ఆఫీసు వార్డు నంబరుతో రాస్తుంది, ఇంకొకటి ఫైలు నంబరుతో, మరొకటి ఫలానా ఇంటి ఎదురుగా అని. ప్రతి పనికీ అన్ని ఆఫీసుల్లో ఒకే నంబరు ఉండాలని మొదట్లో మొత్తుకున్నాను. మా మేనేజరు కాకినాడ వైపు మనిషి, గొంతు పెంచడు. "ఆఫీసర్లు ఒప్పుకోరండి. శుక్రవారం రిలీజు. నంబర్లు కలవనివన్నీ 'ఇతర పనులు' అని ఒకే పద్దులో పడేయండి, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. పడేశాను. రెండు లైన్ల కోడుతో ఊళ్లో మోరీలన్నీ కప్పేసి, ఆ సాయంత్రం టీముతో కలిసి సిగ్గులేకుండా కేకు తిన్నాను.

ఓనరమ్మ అడిగిన మర్నాడు, ఆ కోడు తీసేస్తానని మేనేజరుతో అన్నాను.

"చెత్తంతా బయటపడుతుందండి," అన్నాడు.

"బయటపడటానికేగా వెబ్‌సైటు!" అని అరిచాను. ఫ్లోరంతా తలెత్తి చూసింది. ఏమనుకున్నాడో ఏమో, కాసేపటికి ఒప్పుకున్నాడు. కలవని పనులన్నీ ఆఫీసులు రాసింది రాసినట్టే పెట్టాం.

మూడో రోజు పైనుంచి ఫోనొచ్చింది. పేజీ తీయించేశారు. 'నిర్వహణలో ఉంది' అన్నారు, ఇప్పటికీ అదే కనబడుతోంది. పారదర్శకతట! ఎవరి కళ్లు కప్పడానికి?

ఆలోపే మా గల్లీ వివరం ప్రింటు తీసుకున్నాను. ఓనరమ్మకు చదివి వినిపించాను.

"పని పూర్తయిందని రాసిండ్రా?"

"రాశారమ్మా."

ఆమె కట్టు కట్టిన కాలు వంక చూసుకుంది. "గట్లనా. ఆ కాయితం కవర్ల పెట్టి కట్టెకు కట్టు. నేను పడ్డ కాడ నాటు."

నాటాను. ఇప్పుడు గల్లీలో నడిచేవాళ్లు 'పని పూర్తయింది' అన్న ఆ కాగితం చూసే, మోరీలో పడకుండా పక్కకు తప్పుకుంటున్నారు.