అడగని ప్రశ్నకు జవాబు

మూడేళ్ల కిందట మా ఊరి కేబుల్ ఛానల్ స్టూడియోలో నేను ఒక మాట చెప్పవలసింది, చెప్పలేదు. నేను రాసిన ప్రశ్నలు ఒకరికి ముందే చేరాయని అక్కడే నాకు తెలిసిపోయింది. అయినా మార్కులు వేసి ఇంటికి వచ్చేశాను.

మున్సిపల్ ఎన్నికల ముందు మా వార్డు టికెట్టు కోసం ఒకే పార్టీలో ఇద్దరు పట్టుబట్టారు. తేల్చలేక పార్టీ పెద్దలు ఇద్దరినీ టీవీలో మాట్లాడించి, ముగ్గురు జడ్జీల చేత మార్కులు వేయిద్దామన్నారు. ఎక్కువ వచ్చినవారికే టికెట్టు. ఒకాయన రావులపాలెం మార్కెట్లో అరటి వ్యాపారి. రెండో ఆవిడ మా వీధిలోనే ఉండే టీచరు. ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పేవారు. నేను ప్రైవేటు కాలేజీలో సివిక్స్ చెబుతాను కనుక జడ్జీల్లో ఒకడినయ్యాను. ప్రశ్నలు రాసే పని కూడా నామీదే పెట్టారు.

రికార్డింగు ముందురోజు ఆ టీచరు మా ఇంటికి వచ్చారు.

"మాస్టారూ, కెమెరా ముందు కూర్చుని మాట్లాడాలా, నిలబడాలా?"

ఉండబట్టలేక, "ఆ కాలవ సంగతి కాస్త..." అనబోయాను. చెవులు మూసుకున్నారు.

"అమ్మో, వద్దండి! రేపు మీ మొహం నేను చూడొద్దా ఏంటి?"

ఐదు ప్రశ్నలు చేత్తో రాసి ఛానల్ ఓనరుకి ఇచ్చాను. టైపు చేయిస్తానన్నాడు. ఒకటో తరగతి నుంచి నా పక్కన కూర్చున్నవాడు. కవరులో పెట్టి అంటించాలని కూడా నాకు తోచలేదు.

రికార్డింగుకి ముందు, సమయం చాలదని ఐదో ప్రశ్న నేనే కొట్టేశాను. వానలకు కాలవ నీళ్లు వీధుల్లోకి రాకుండా ఏం చేస్తారన్నది అది. నాలుగోది వీధి దీపాల గురించి. అరటి వ్యాపారి దీపాల మీద రెండు ముక్కలు చెప్పి, "ఇక కాలవ నీళ్ల విషయానికొస్తే" అంటూ, ఎవరూ అడగని ఐదో ప్రశ్నకు జవాబు అప్పజెప్పారు. మిగతా జడ్జీలకు అలాంటి ప్రశ్న ఒకటి ఉందనే తెలియదు. కెమెరా పక్కన నిలబడ్డ నా స్నేహితుడు మాత్రం నేల చూస్తున్నాడు.

టీ విరామంలో వాణ్ణి పక్కకు లాగాను. "ఏరా, ఇచ్చేశావా?"

"ఇవ్వలేదురా బాబూ, చదివి వినిపించానంతే. ఆయన యాడ్లు లేకపోతే ఛానలేంటి, నేనేంటి? నువ్వు లేచి చెప్పావనుకో, రేపు తాళం వేసుకోవాలి."

నలభై ఏళ్ల స్నేహం నన్ను మోసం చేసిందని ఒళ్లు మండిపోయింది. ఆ మంటతో వెళ్లి నేను చేసింది ఏమిటంటే, వాడిని కాపాడడం. టీచరు ఒకచోట, "తెలియదండి, కనుక్కుని చెబుతాను" అన్నారు. అక్కడ మెచ్చుకోవలసింది. మార్కు తగ్గించాను. ఆ ఒక్క మార్కుతోనే ఆవిడకు టికెట్టు పోయింది.

తర్వాత ప్రశ్నలు బయటికి వెళ్లాయన్న సంగతి పొక్కింది. మాస్టారి వీధిలో ఉన్నది ఎవరు, ముందురోజు ఆయనింటికి వెళ్లింది ఎవరు అంటూ అందరూ టీచరునే అనుమానించారు. "పేపరు చేతిలో ఉండి కూడా ఓడిపోయిందిరా!" అని టీ కొట్టు దగ్గర నవ్వారు. చర్చి పెద్దలు ఆవిడను ఆదివారం పాఠాల నుంచి తప్పించారు. ఆవిడ మా గేటు దగ్గరికి వచ్చి, "మీకు తెలుసు కదా మాస్టారూ, ఒక్క మాట చెప్పండి" అన్నారు.

"అదే సద్దుమణుగుతుందమ్మా" అన్నాను.

సద్దుమణగలేదు. మొన్న వేసవిలో ఒక పెళ్లి భోజనాల దగ్గర, వెనక వరసలో నేనున్నానని తెలియక, నా స్నేహితుడు పక్కవాళ్లకు చెబుతున్నాడు: "మావాడే ఆవిడకి పేపరిచ్చాడండి. ఒకే వీధి కదా, మొహమాటం." ఆ పుకారు పుట్టించింది ఎవరో అప్పుడు తెలిసింది. మూడేళ్లు నేను నోరు మూసుకున్నది వీడి కోసం.

ఆ ఆదివారం చర్చికి వెళ్లాను. ఆరాధన చివర ప్రకటనల సమయంలో ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. లేచాను.

"ఆ టీవీ పోటీ ప్రశ్నలు ఈ టీచరుగారికి ముందు తెలియవండి. తెలిసినవారు ఎవరో నేను ఆ రోజే కనిపెట్టాను. చెప్పలేదు. పైగా ఈవిడ మార్కు తగ్గించాను."

ఆడవాళ్ల వైపు తిరిగి, మూడో వరసలో ఉన్న ఆవిడకు చేతులు జోడించాను.

"అమ్మా, మీరు అడిగిన రోజునే చెప్పవలసింది. నన్ను క్షమించండి."