తూకం గుండు ఆగేదాకా

పోయిన మంగళవారం పొద్దున మీర్‌పేట్‌లో స్లాబు పని దగ్గర ఉండగా మా ఊరు ఇబ్రహీంపట్నం నుంచి పెద్దమ్మ ఫోను చేసింది. "మీ పెద్దబాపు పోయిండు బిడ్డా. చాయ్ తాగిండు, గోడకు ఒరిగిండు, గంతే," అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. నేనే ఇసుక కుప్ప మీద కూలబడి ఏడ్చాను. కాంక్రీటు పోసేవాళ్లు పని ఆపేసి నా వంకే చూశారు.

నిజానికి ఆయన నాకు రక్తసంబంధం కాదు, మా పక్కింటాయన. వాళ్లది కథోలిక కుటుంబం. మాదేమో ఏటా బాలాపూర్ గణపతిని చూసి రాకపోతే ముద్ద దిగని ఇల్లు. రెండిళ్లకూ నడుమ ఒక్కటే గోడ, అదీ ఆయన కట్టిందే. నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ ఆయన పెద్దబాపు, ఆయన భార్య పెద్దమ్మ. ఆయన తాపీమేస్త్రి. ఈ రోజు నేను సివిల్ ఇంజనీరునై నలుగురికి పని చెబుతున్నానంటే, దాని ఓనమాలు కాలేజీలో కాదు, వాళ్ల వాకిట్లో దిద్దాను.

ఆయన జేబులో ఎప్పుడూ ఒక తూకం గుండు ఉండేది. దారానికి వేలాడే ఇత్తడి గుండు. గోడ నిటారుగా లేచిందో లేదో మేస్త్రీలు దానితోనే చూస్తారు. చిన్నప్పుడు నన్ను దారం పట్టుకోమనేవాడు. అది ఊగుతూనే ఉండేది. నాకు ఓపిక ఎక్కడిది? రెండో చేత్తో ఆపబోయేదాన్ని. కసిరేవాడు. "ముట్టకు! అదే ఆగుతది. నువ్వు ఆపితే నీ చెయ్యి చెప్తది, గుండు చెప్పదు." ఇప్పుడు సైట్లో తొందరపెట్టేవాళ్లకు నేనూ ఇదే మాట అంటాను, మా పెద్దబాపు మాట అని చెప్పి మరీ.

చర్చిని వాళ్లు గుడి అనే అంటారు. చుట్టుపక్కల పల్లెల్లో ఆయన చెయ్యి పడిన గుళ్లు, మరియమాత గుహలు చాలా ఉన్నాయి. మా వాడ పోచమ్మ గద్దె కూడా ఆయన కట్టిందే. "మా అమ్మవారితోని నీకేం పనిరా?" అని మా నాయనమ్మ ఆటపట్టిస్తే, "దేవుడు ఎవరైతేంది చిన్నమ్మా, గోడ సక్కగుండాలె," అన్నాడట.

రెండేళ్ల కిందట అక్టోబరులో, అది వాళ్లకు జపమాల మాసం, పెద్దమ్మ నన్ను పిలిచి హుకుం జారీ చేసింది. "మూడొద్దులు సెలవు పెట్టు. మీ పెద్దబాపు కట్టిన గుళ్లన్నిట్ల దండం పెట్టుకొని రావాలె. ఆయన మోకాళ్లు ఇంక సాగయి."

నా కారులో బయలుదేరాం. వెనక సీట్లో ఆలుమగలిద్దరూ, వాళ్ల నడుమ రొట్టెల డబ్బా, పల్లి తొక్కు. యాచారం దాటేదాకా రోడ్డు పక్కన కొత్త ప్లాట్ల రంగు జెండాలు, వాటి వెనక పత్తి చేలు, మలుపు మలుపుకూ సీతాఫలాల గంపలు. గంప కనబడినప్పుడల్లా పెద్దమ్మ కారు ఆపించేది. "పండ్ల కోసం వచ్చినవా, దేవుని కోసం వచ్చినవా?" అని ఆయన. "నువ్వు రెండిటి కోసం రాలే, నీ గోడల కోసం వచ్చినవ్," అని ఆమె.

ఆమె అన్నదీ నిజమే. ఏ గుడికి పోయినా ఆయన వెంటనే లోపలికి పోయేవాడు కాదు. ముందు మూల దగ్గర ఆగి, జేబులోంచి గుండు తీసేవాడు.

"ముందుగాల దండం పెట్టుకోరాదు! నీ గోడ ఏడికన్న పోతదా?" అని పెద్దమ్మ కసిరేది.

"గోడ సూసినంకనే నిమ్మళంగ పెడ్త."

పునీత అంతోనివారి గుడి దగ్గర నాకు ఒళ్లు మండింది. ద్వారం పక్కన నల్లరాతి పలక మీద చందా ఇచ్చినవాళ్ల పేర్లు, ప్రారంభించినవాళ్ల పేర్లు బారెడు ఉన్నాయి. ఆయన పేరు లేదు. "నీ పేరేది పెద్దబాపూ?" అని గట్టిగానే అడిగాను. ఆయన నవ్వి మూల గోడను తట్టాడు. "గిది నాదే గద. సదువుకున్నదానివి, సదువు." దారం పట్టి చూశాను. పైనుంచి కింది దాకా వెంట్రుకవాసి తేడా లేదు. నాకు గుండె నిండిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం, "అయిపోయినయి, ఇంటికి పా," అన్నాడాయన.

"ఇంకోటుంది," అంది పెద్దమ్మ.

ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. పెద్దమ్మే చెప్పింది. ఆయన సొంతంగా మేస్త్రి అయ్యాక కట్టిన మొదటి గుడి అది. వాళ్ల పెళ్లి అందులోనే జరిగింది. నెల కిందట ఆ ఊరివాళ్లు కబురు పంపారు: మూల పగిలింది, గుడిని కూలగొట్టి కొత్తది కడతాం అని. ఆ రోజు నుంచీ ఆయన సరిగా తినడం లేదు. ఆ ఒక్క గుడికి ఆయనను తీసుకుపోవడం కోసమే పెద్దమ్మ ఈ తిరుగుడంతా పెట్టుకుంది.

పోయాం. ఊరి ఫాదర్, నలుగురు పెద్దమనుషులు అక్కడే ఉన్నారు. ముందు గోడా పక్క గోడా కలిసే చోట పైనుంచి కిందికి నిలువునా పగులు, వేలు పట్టేంత. నేను ఇంజనీరునని తెలిసి, ఎందుకు పగిలిందని ఫాదర్ నన్నే అడిగారు. చూడగానే నాకు అర్థమైంది. అట్లాంటి మూలలో రెండు గోడల ఇటుకలూ ఒకదానిలోకి ఒకటి పళ్లలా దిగాలి. ఇక్కడ దిగలేదు, ఒక గోడను తెచ్చి ఇంకో గోడకు ఆనించారు, అంతే. కొత్త మేస్త్రి తొందరలో చేసే తప్పు.

"నల్లరేగడి నేల కదా ఫాదర్. వానలకు ఉబ్బుతుంది. ఎవరు కట్టినా ఇంతే," అన్నాను.

పెద్దబాపు ఆ మాట విననట్టే పోయి గుండు వేలాడదీశాడు. అది ఆగేదాకా నిలబడ్డాడు. తర్వాత తలకు చుట్టిన తువ్వాల తీసి చేత్తో పట్టుకున్నాడు.

"గీ పిల్ల నా మీది పాయిరంతోని అబద్ధం చెప్తుంది ఫాదర్. భూమి తప్పు గాదు, నాదే. మా లగ్గం గిండ్లనే కావాలని తొందరపడ్డ. ముందు గోడ లేపిన, పక్క గోడ తెచ్చి ఆనిచ్చిన. నలభై ఏండ్ల సంది నాకు ఎర్కే. గుడి కూలగొట్టకుండ్రి. నాకు నాలుగొద్దులు ఇయ్యుండ్రి."

వెంటనే పెద్దమ్మ అందుకుంది. "నాకు గూడ ఎర్కే. పెండ్లినాడు నా మొకం సూడలే ఈ మనిషి. పొద్దుందాక గా మూలకే సూసిండు!"

ఫాదర్‌తో సహా అందరూ పకపకా నవ్వారు. పెద్దబాపు కూడా నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ. నాకు సిగ్గేసింది. ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను గానీ, దానికి నా అబద్ధం ఆసరా అవసరం లేదు. నిటారు గోడలు ఎన్నో చూపించాడు నాకు. అయినా ఆయన మనిషినని చెప్పుకోవడానికి నాకు ఎక్కువ గర్వం కలిగింది ఆ పగిలిన మూల దగ్గరే.

నాలుగు రోజులు అక్కడే ఉన్నాం. డెబ్బై దాటిన మనిషి గోడవారన కట్టిన మంచె మీద కూర్చుని, పగులుకు రెండు పక్కలా వరస విడిచి వరస ఇటుకలు ఊడదీసి, రెండు గోడలనూ కలిపి మళ్లీ కట్టాడు. పెద్దమ్మ సిమెంటు మాలు కలిపి తట్ట అందించింది. నేను ఇటుకలు మోశాను, అరచేతులు బొబ్బలెక్కాయి. "ఇంజనీరమ్మా, జర జల్ది," అని ఆయన పైనుంచి ఒకటే వెక్కిరింత. ఆదివారం ఆ గుడిలో పూజ జరిగింది. ఆయన ఆ రోజు ముందు దండం పెట్టుకున్నాడు, గుండు తర్వాత తీశాడు. ఆ గుడి ఇప్పటికీ నిలబడే ఉంది. ఆ మూల మళ్లీ పగల్లేదు.

బుధవారం ఆయనను సమాధుల తోటలో మట్టి చేశాం. తలాపున చెక్క శిలువ పాతి, చుట్టూ మట్టి తొక్కారు. మా ఊరి ఫాదర్ ప్రార్థన పుస్తకం తెరిచారు.

"జర ఆగుండ్రి," అంది పెద్దమ్మ. కొంగు ముడి విప్పి ఇత్తడి గుండు తీసి నా చేతిలో పెట్టింది.

శిలువ పైకొసకు దారం ఆనించి వదిలాను. గుండు ఒకటే ఊగుతోంది. అందరూ చూస్తున్నారు. ఆపుదామని రెండో చెయ్యి చాచాను. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ముట్టకు. అదే ఆగుతది."

ఫాదర్ పుస్తకం మూశారు. అందరం అట్లాగే నిలబడ్డాం, గుండు ఆగేదాకా.