జగన్నాథపురానికి ఎన్ ఒకటా, రెండా?

ఆ రోజుల్లో తాళం అంటే చేతికి తగిలే వస్తువు. చెవి పోతే ఇల్లంతా వెతికేవాళ్లం, దొరక్కపోతే రాయి పెట్టి పగలగొట్టేవాళ్లం, ఈలోగా ఇరుగుపొరుగు చేరి తలా ఒక సలహా ఇచ్చేవారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో కంప్యూటర్లతో పాటు ఇంకో రకం తాళం మా బతుకుల్లోకి వచ్చింది. అది కంటికి కనపడదు, చేతికి తగలదు, మన తలకాయలోనే ఎక్కడో ఉంటుందట. నా తలకాయ సంగతి తెలిసినవాళ్లెవరూ అందులో ఏదీ దాచుకోరు. కానీ నాకు మొదటి ఉద్యోగం ఇచ్చిన సార్‌కు ఆ సంగతి తెలియదు. నేనూ చెప్పలేదు.

డిగ్రీ అయ్యాక ఖమ్మంలో కంప్యూటర్ కోర్సు చేసి (అందులో సగం రోజులు కరెంటు లేక, కాగితం మీద కీబోర్డు బొమ్మ గీసుకుని దాని మీదే టైపు చేశాం) భద్రాచలంలో ఒక చిన్న సంస్థలో ఆపరేటర్‌గా చేరాను. అడవి ఊళ్ల ఆడవాళ్లకు అడ్డాకులతో మిషన్ మీద విస్తళ్లు చేయడం నేర్పే సంస్థ అది. మా ఇల్లు పాల్వంచలో, నాన్నది పవర్ స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ. రోజూ పొద్దున బస్సెక్కి గోదావరి బ్రిడ్జి దాటి ఆఫీసుకు, సాయంత్రం మళ్లీ వెనక్కి. ఆఫీసు పెద్దాయన్ని మేం చాటుగా ‘తాళాల సార్’ అనుకునేవాళ్లం. వేంసూరు వైపు వ్యవసాయ కుటుంబం, వెన్న లాంటి మనసు, కానీ దేన్నీ తాళం లేకుండా వదిలే మనిషి కాదు. బీరువాకు తాళం, టెలిఫోన్ పెట్టెకు తాళం, మంచినీళ్ల గ్లాసుకు గొలుసు. నడిస్తే నడుం దగ్గర తాళాల గుత్తి గలగలమనేది కాబట్టి ఆయన వస్తున్నట్టు మాకు ముందే తెలిసేది, అంతవరకు అదీ మేలే.

అటువంటి మనిషి ఒక ఆదివారం పేపర్లో పాస్‌వర్డుల గురించి చదివారు. సోమవారం నేను ఇంకా బ్యాగు దించకముందే మొదలుపెట్టారు. “అమ్మాయ్, ఒకే తాళంచెవి అన్ని గదులకూ పెట్టుకుంటామా? దేనికి దానికి వేరే పాస్‌వర్డు ఉండాలి. ఎక్కడా రాయకూడదు. నెలనెలా మార్చాలి. నాక్కూడా చెప్పొద్దు, నేను నిద్రలో కలవరిస్తాను.” అలా స్విచ్చి వేయగానే ఒక పాస్‌వర్డు, లోపలికి వెళ్లడానికి ఇంకొకటి, మెయిల్‌కు ఒకటి, ఉత్తరాలకు ఒకటి, లెక్కలకు ఒకటి. ఇన్ని తలుపులు దాటి లోపలికి వెళ్తే అక్కడ ఉన్నదేమిటయ్యా అంటే, విస్తరికి ఎన్ని ఆకులు పడతాయన్న వివరం.

మొదట దేవుళ్ల పేర్లు పెట్టాను. భద్రాచలంలో వాళ్లకు కొరత లేదు. కానీ స్విచ్చి వేశాక వచ్చేది రాముడా లక్ష్మణుడా, మెయిల్ దగ్గర నిలబడ్డది సీతమ్మా హనుమంతుడా అన్నది వారం తిరక్కుండానే కలగాపులగమైంది. అప్పుడొక మహత్తరమైన ఆలోచన వచ్చింది. రోజూ చూసే బస్సు స్టేజీల పేర్లు వరుసగా పెడితే? స్విచ్చికి పాల్వంచ, తరవాత జగన్నాథపురం, ఆ పైన నాగారం, సారపాక, చివరికి బ్రిడ్జి. బస్సు ఎలా వెళ్తుందో కంప్యూటరూ అలా తెరుచుకుంటూ వెళ్తుంది. ఆ రాత్రి నాన్నకు గొప్పగా చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ తలెత్తి, “గీ తెలివేదో డిగ్రీల పెడితే ఫస్టుక్లాసు వచ్చేది గద బిడ్డా” అన్నాడు.

ఒక నెల బస్సు చక్కగా నడిచింది. రెండో నెల సార్ మార్చమన్నారు కాబట్టి అన్నిటినీ ఒక స్టేజీ ముందుకు జరిపాను. మూడో నెల ఇంకొకటి. ఆ తరవాత మెయిల్ సారపాకలో ఆగిందో, బ్రిడ్జి దాటిందో, లెక్కలు అసలు బస్సెక్కాయో లేదో నాకు తెలియకుండా పోయింది. బస్సులో కూర్చుని కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ మననం చేసేదాన్ని. పక్కన కూర్చున్న పెద్దామె ఒకరోజు నా భక్తికి మెచ్చి అరటిపండు ఇచ్చింది (తిన్నాను).

ఆ ఎండాకాలంలో సంస్థ ఒక డిజిటల్ కెమెరా కొన్నది. శిక్షణకు వచ్చిన ఆడవాళ్లందరికీ నేనే ఫొటోలు తీశాను. ఫొటోలకు తాళం ఎలా అని సార్ బెంగపడుతుంటే, కంప్యూటర్ బాగుచేసే అతను ఒక సీడీ తెచ్చి ఎక్కించాడు. “దీనితో ఫోల్డర్‌కు తాళమేస్తే ఇగ తిరుగులేదు సార్. మూడుసార్లు తప్పు కొడితే లోపలున్నయన్నీ పోతయ్” అన్నాడు. సార్ ముఖం వెలిగిపోయింది. “నాక్కావలసింది అదే!” అన్నారు. నేను జగన్నాథపురం పెట్టి తాళం వేసి, ఫొటోల సంగతి మరచిపోయాను.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం గుమ్మం దగ్గర ఒకాయన నిలబడ్డాడు. నడివయసు, భుజాన తువ్వాల, మోకాళ్ల దాకా బురద. లోపలికి రమ్మంటే రాడు.

“చెల్లె, మా అమ్మ ఫొటో మీ మిషన్ల ఉన్నదంట. అది ఇస్తరా?”

“ఏ ఊరన్నా మీది?”

“దుమ్ముగూడెం అవతల. మా అమ్మ ఎండలకాలం ఈడికే వచ్చి విస్తళ్లు నేర్సుకున్నది. మొన్న వానలల్ల జొరమొచ్చి పోయింది. రేపు దినం చేస్తున్నం. ఫొటో పెట్టాల్నని మా చెల్లె ఒక్కతీరుగ ఏడుస్తున్నది.”

“ఇంట్ల వేరే ఫొటో లేదా అన్నా?”

“రేషన్‌కార్డు మీదున్నది. అండ్ల మా అమ్మెవరో నేనెవరో మాకే తెల్వది. అంత నల్లగ పడ్డది.”

దానికేం భాగ్యం అనుకుని ఆయన్ని కూర్చోబెట్టి, జగన్నాథపురం అని కొట్టాను. తప్పు అన్నది. అప్పుడు మొదలైంది నా అయోమయం. ఊరు అదే. మరి ఇంగ్లీషులో ఆ రోజు ఎలా రాశాను? ఎన్ ఒకటా, రెండా? టీహెచ్ పెట్టానా, డీహెచ్ పెట్టానా? తెర మీద చుక్కలే తప్ప అక్షరాలు కనపడవు కదా, ఇప్పుడు ఏం కొట్టానో కూడా అనుమానమే. ఇంతలో గలగలమంటూ సార్ వచ్చారు.

“ఏమైందమ్మాయ్?”

“జగన్నాథపురం తెరుచుకోవడం లేదు సార్.”

“తెరుచుకోకపోవడమేంటి? రోడ్డేమన్నా మూసేశారా?” అని, అంతలోనే అర్థమై రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. “నాకు చెప్పొద్దన్నానా!”

నేను బస్టాండుకు పరుగెత్తాను. అక్కడ బస్సుల బోర్డులన్నీ తెలుగులోనే ఉన్నాయి (మాతృభాష మీద నాకు కోపం వచ్చింది ఆ ఒక్కరోజే). ఎదురైన కండక్టర్‌ను, “అన్నా, జగన్నాథపురం ఇంగ్లీషుల ఎట్ల రాస్తరు?” అని అడిగాను. “టికెట్ కావాల్నా, ట్యూషన్ కావాల్నా?” అన్నాడాయన. చివరికి ఒక గోడ మీద రంగుతో రాసిన ఇంగ్లీషు పేరు దొరికింది. ఎన్‌లు రెండు, టీహెచ్. దాన్ని నోట్లోనే అనుకుంటూ, దారిలో ఎవరు పలకరించినా పలకకుండా వచ్చి ఒక్కో అక్షరమే చూసి కొట్టాను. మళ్లీ తప్పు.

ఇక మిగిలింది ఒక్కసారి. సార్ ముఖం పాలిపోయింది. “ముట్టుకోకు! ఆ సీడీ అతనికి ఫోన్ చేస్తాను” అని టెలిఫోన్ పెట్టె దగ్గరికి వెళ్లి గుత్తిలో చెవులు ఒక్కొక్కటే పెట్టి తిప్పసాగారు. ఏదీ పట్టడం లేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఉద్యోగం పోతే పోయింది, ఒక మనిషి లోకంలో మిగిల్చిన ఒకే ఒక్క ముఖం నా పిచ్చి స్పెల్లింగు వెనకాల ఇరుక్కుంది. ఆ మాట ఆ అన్నకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఆయనే నా మొహం చూసి మాట కలిపాడు.

“నువ్ ఈ ఊరేనా చెల్లె?”

“కాదన్నా. పాల్వంచ.”

“రోజు అంత దూరంకెల్లి వస్తవా? అలసట గాదూ?”

“అలవాటైపోయిందన్నా. కిటికీ సీటు దొరికితే జగన్నాథపురం దాక ఒక కునుకు తీస్త, ఆడ పిల్లలందరు కాలేజీకని ఎక్కి ఒకటే లొల్లి...”

చెబుతూ చెబుతూ వింటే టకటకమని చప్పుడు. నావే వేళ్లు. నాకు మాట్లాడుతూ టైపు చేసే అలవాటు ఉంది. ఆఫీసులో పొద్దున కబుర్లు చెబుతూనే తలుపులన్నీ తెరిచేదాన్ని. వేళ్లు ఆ అలవాటులోనే పోతున్నాయి. అయ్యో అనుకునే లోపు చిటికెన వేలు ఎంటర్ నొక్కేసింది. నేను కెవ్వుమన్నాను. సార్ చేతిలోంచి గుత్తి జారిపడింది.

“పోయాయా? అన్నీ పోయాయా?”

“తెరుచుకుంది సార్.”

“ఎలా కొట్టావు? ఎన్ ఒకటా, రెండా?”

“తెలియదు సార్. నేను చూళ్లేదు.”

ఆవిడ ఫొటో వెతికి తెర నిండా పెట్టాను. ఒళ్లో అడ్డాకుల కట్ట పెట్టుకుని, కళ్లు రెండూ మూతలు పడేటట్టు నవ్వుతోంది. అప్పుడు గుర్తొచ్చింది. నవ్వు అవ్వా అని నేనంటే, “పండ్లు లేకపాయె, ఏంబెట్టి నవ్వాలె బిడ్డా?” అని, తన మాటకు తనే నవ్వింది. ఆ అన్న కుర్చీలోంచి లేచి దగ్గరికి వచ్చాడు. తువ్వాల తీసి నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“మా అమ్మ గిట్ల నవ్వంగ నేనెన్నడు సూడలే” అన్నాడు. “ఇంట్ల ఎప్పుడు ఏదో పనిలనే ఉండేది.”

సార్ కళ్లజోడు తుడుచుకుని, ఫొటోను ఫ్లాపీలో ఎక్కించమని నాతో చెప్పి, ఆ అన్నను తన స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని ఫొటో స్టూడియోకు తీసుకెళ్లారు. అద్దం కట్టించి, దుమ్ముగూడెం బస్సు కూడా ఎక్కించి వచ్చారట. తిరిగొచ్చాక, నేను భయం భయంగా, “మళ్లీ తాళం వేయాలా సార్?” అని అడిగాను.

“ఫొటోలకొద్దులేమ్మా. ఎవరెత్తుకుపోతారు? ఎత్తుకుపోయినా, తీసుకెళ్లేది వాళ్ల వాళ్ల అమ్మల్నే కదా” అన్నారు.

ఇప్పుడు నేను ఖమ్మంలో ఉంటున్నాను. పాస్‌వర్డులు గుర్తుపెట్టుకోవడానికి కూడా ఒక యాప్ ఉందని మా అమ్మాయి చెప్పి, నా ఫోన్‌లో పెట్టింది. దానికి నా ముఖం చూపిస్తే చాలట. కొన్ని రోజులు పొద్దున్నే, నిద్ర లేచీ లేవకముందు, కళ్లజోడు లేకుండా చూపిస్తే అది నన్ను ఒప్పుకోదు. మీరు కాదు, మళ్లీ ప్రయత్నించండి అంటుంది. నాకేం కోపం రాదు. జడ వేసుకుని, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, తనకు అన్నీ గుర్తున్నాయని గట్టిగా నమ్మిన ఆ పాల్వంచ పిల్ల ఇప్పుడు నన్ను చూస్తే తనూ అదే మాట అంటుందేమో అనుకుంటాను. నవ్వు వస్తుంది. అప్పుడు ఫోన్ తెరుచుకుంటుంది.